ఇస్తారి ఇంట్లో వాన

ఆ రోజుకు ఇస్తారి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే ఏసీ మెకానిక్ సంపత్ వస్తాడు. నీళ్లు కారుతున్న ఏసీని బాగుచేసి పోతాడు. మధ్యాహ్నం అన్నం తిని ఇస్తారి ఆ చల్లటి గదిలో ఓ కునుకు తీస్తాడు. మర్నాడు భార్య వనితతో కలిసి ఆసిఫాబాద్ వెళ్లి, అత్తగారింట్లో ఉన్న, నెలలు నిండుతున్న కూతురు భూమికను కాన్పుకు నస్పూర్‌లోని తమ ఇంటికి తీసుకొస్తాడు. ఇందుకోసం డ్యూటీకి సెలవు కూడా పెట్టాడు.

ఇస్తారి బొగ్గుబాయిలో షిఫ్టును నడిపించే ఓవర్‌మన్. భూమి లోపల అతను ఒక మాట అంటే ఆ షిఫ్టులో ఉన్నవాళ్లంతా చెవులు రిక్కించి వింటారు. ఆగమంటే ఆగుతారు, జరగమంటే జరుగుతారు. భూమి పైన మాత్రం అతని మాట వినేవాళ్లు తక్కువ. ఇంట్లో వనిత సగం వింటుంది. సంపత్ అస్సలు వినడు.

ఏసీ పెట్టించాలన్న ఆలోచన వనితది. ఎండాకాలం నస్పూర్‌లో కిటికీ తెరిస్తే బొగ్గుదుమ్ము, మూస్తే ఉక్క. పచ్చి బాలింతను, పసిగుడ్డును అందులో ఎట్లా ఉంచాలని ఉగాది నాటి నుంచే ఆమె పోరు పెట్టింది. దాని వెనక ఇంకో సంగతి ఉంది. వనిత మొదటి కాన్పు నాటికే ఆమె తల్లి లేదు. తల్లిగారింటి పురుడు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. తనకు దొరకనిది కూతురికి తక్కువ కాకుండా జరగాలని పట్టుదల. పాత నూలు చీరలు ఉతికి, చింపి, పొత్తిగుడ్డలు కుట్టి పెట్టింది. కొత్త పరుపు తెప్పించింది. మంచిర్యాలలో 'సల్లగాలి కూల్ పాయింట్' అనే దుకాణం పెట్టిన సంపత్‌ను పట్టుకుని ఏసీ పెట్టించింది కూడా ఆమే.

బిగించిన రాత్రి గది మంచు ముద్దలా ఉంది. పరీక్ష కోసమని ఇస్తారి దుప్పటి కప్పుకుని అక్కడే పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి దిండు తడిగా ఉంది.

"గీ వయసుల సొల్లు కార్చుకునుడేంది?" అంది వనిత.

రెండో రోజు దిండుతో పాటు పరుపు మూల కూడా తడిసింది. అంత సొల్లు మనిషికి ఉండదని ఆమె అప్పుడు ఒప్పుకుంది. ఏసీ కింద చెంబు పెట్టారు, అది నిండింది. బకెట్ పెట్టారు, అదీ నిండింది. అప్పటి నుంచి ఇస్తారి ఫోన్ చేయడం, సంపత్ వస్తున్నానని చెప్పడం మొదలయ్యాయి.

ఆ పొద్దున కూడా అదే జరిగింది.

"సంపత్, ఏడున్నవ్?"

"దారిలనే ఉన్న కాకా."

"ఏ దారిల?"

"మీ ఇంటి దారిలనే కాకా, ఇంకేడికి పోత?"

ఫోన్లో వెనక నుంచి ఎవరో "లక్సెట్టిపేట, లక్సెట్టిపేట, ఎక్కాలె ఎక్కాలె" అని కేకలేస్తున్నారు. లక్సెట్టిపేట బస్సు నస్పూర్ దారిలో పోదు. ఇస్తారి ఆ ముక్క అనబోయేలోపే ఫోన్ కట్ అయింది.

సంపత్ వచ్చేసరికి అన్నం వేళ దాటింది. వనిత అప్పటికే పుట్టబోయే బిడ్డకు కావలసిన సబ్బులు, నూనె కొనడానికి మంచిర్యాల వెళ్లింది. సంపత్‌కు ముప్పై ఏళ్లు ఉంటాయి. ముఖం మీద ఎప్పుడూ ఒక నవ్వు ఉంటుంది. ఎంత తిట్టినా ఆ నవ్వు చెక్కు చెదరదు, అందుకని తిట్టినవాడికే అలసట వస్తుంది. అతను ఏసీని కింది నుంచి చూశాడు, పక్క నుంచి చూశాడు, గోడ మీద అరచేత్తో తట్టాడు.

"ఏసీ ఫస్టు క్లాసుంది కాకా. మీ గోడనే జర వంకరుంది."

"గోడ వంకరుందా? దగ్గరుండి కట్టిచ్చుకున్న గోడ ఇది. దారం వట్టి చూసిన."

"దారం వంకరుండచ్చు కాకా."

 ఇస్తారి దారం ముచ్చట వదిలేసి, నీళ్లు బయటికి పోయే పైపు పైకి ఎక్కి గోడ దాటుతోందని, నీళ్లు పైకి ఎక్కలేక లోపలికే కారుతున్నాయని వేలు పెట్టి చూపించాడు. బాయిలో ఊట నీళ్లు తోడించడం అతనికి రోజూ ఉండే పనే. సంపత్ తల ఊపాడు.

"నేను సుత గదే అంటున్న కాకా. పైపు కిందికి దింపాలె. కింద ఇంకో బొక్క కొడ్త."

"కొట్టు గని, గా మూలకు పోకు. టాంకీ పైపు గోడలకెల్లి గట్లనే పోయింది. జర ఎడమకు జరిగి కొట్టు."

"నువ్వు ఫికర్ వెట్టుకోకు కాకా. నాకు ఇడిసిపెట్టు."

సంపత్ జరగలేదు. డ్రిల్లింగ్ మిషన్ గోడలోకి దిగింది. ఎర్రటి ఇటుక పొడి రాలింది, తర్వాత తెల్లటి ప్లాస్టిక్ పొడి రాలింది, ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. వచ్చిన నీళ్లు సంపత్ భుజం మీదుగా దూకి సరిగ్గా కొత్త పరుపు నడుమ పడ్డాయి.

"ఏలు పెట్టు కాకా! ఏలు పెట్టు!"

ప్రమాదంలో ముందు చెప్పింది చేసి తర్వాత ప్రశ్నలు అడగాలని ఇస్తారికి ఇన్నేళ్ల నౌకరీ నేర్పింది. వెంటనే వేలు పెట్టాడు. ధార ఆగింది గానీ, వేలి చుట్టూ నుంచి నీళ్లు గొడుగులా చిమ్మి అతని నెత్తి మీద పడుతున్నాయి.

"పైకి పోయి టాంకీ వాల్ బందు వెట్టు!" అన్నాడు ఇస్తారి.

"బందు వెట్టుకుంటనే పోత కాకా. నువ్వు ఏలు తియ్యకు. పైపు ముక్క దెచ్చి జల్ది అతికిద్దాం. గిట్ల పోయి గట్లొస్త."

మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం ఇస్తారి చెవి పెట్టాడు. అది వినపడలేదు. మోటారు సైకిల్ చప్పుడు వినపడింది, అదీ కాసేపటికి వినపడకుండా పోయింది.

ఫోన్ మంచం అవతలి కొస మీద ఉంది. చెయ్యి చాపితే అందదు, కాలు చాపితే అందదు. వేలు తీస్తే పరుపు మొత్తం పోతుంది, తీయకపోతే తను పోయేట్టున్నాడు. అలా గోడకు అతుక్కుని నిలబడి ఉండగా, పక్కింటి అంతయ్య తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. అంతయ్య కూడా బాయిలో చేసి రిటైరైనవాడే. రిటైరైన నాటి నుంచి లోకంలో ఎవరికి అన్యాయం జరిగినా ముందు ఫోన్ తీసి వీడియో పట్టడం అలవాటు చేసుకున్నాడు.

"మీ నీళ్లు మా వాకిట్లకు వస్తున్నయ్ ఇస్తారీ. ఏం కడుగుతున్నవ్ గింతగనం?"

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. పైకి పోయి టాంకీ వాల్ బందు వెట్టు."

అంతయ్య గోడను చూశాడు, వేలును చూశాడు, ఇస్తారి నెత్తి నుంచి కారుతున్న నీళ్లను చూశాడు.

"ఎవడు జేసిండు గీ పని?"

"సంపత్. ముందు వాల్ బందు వెట్టే!"

"పెడ్త గని, ఆగు. గిది ఉత్తగ ఇడిసిపెట్టే ముచ్చట కాదు. రేపు కన్జ్యూమర్ కోర్టుకు పోతె సాక్ష్యం అడుగుతరు. ముందు ఫోన్ల తీస్త. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు. గట్టిగ చెప్పు."

వాదించే ఓపిక ఇస్తారికి లేదు. పైగా లోపల మంట మండుతోంది. అంతయ్య ముందు వేలును, బొక్కను దగ్గరగా తీసి, తర్వాత ఫోన్ ఇస్తారి ముఖం మీదికి తిప్పాడు. ఇస్తారి గొంతు చించుకుని అరిచాడు.

"బయట నిప్పులు కురుస్తున్నయ్, నా ఇంట్ల వాన పడుతుంది! ఇదంత ఎవని పని? సంపత్ పని! మంచిర్యాల సల్లగాలి కూల్ పాయింట్! అందరు యాదుంచుకోండ్రి! గీ పేరు మర్చిపోకుండ్రి!"

"మంచిగ చెప్పినవ్," అన్నాడు అంతయ్య. అప్పుడు మోకాళ్లు పట్టుకుంటూ మెల్లగా మేడ ఎక్కాడు.

వనిత వచ్చేసరికి గదిలో చీలమండల దాకా నీళ్లు ఉన్నాయి. ఇస్తారి ఇంకా గోడలో వేలు పెట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఏం జేస్తున్నవ్?"

"ఆపుతున్న."

"ఏంది ఆపేది?"

ఇస్తారి వేలు తీసి చూశాడు. ఏమీ రాలేదు. అంతయ్య మేడ ఎక్కేలోపే టాంకీ ఎండిపోయినట్టుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

వనిత తిట్టలేదు. మంచం కింద పెట్టెలో మడిచి పెట్టిన పొత్తిగుడ్డలు నీళ్లలో తేలుతుంటే వంగి ఒక్కొక్కటీ ఏరి, పిండి, భుజం మీద వేసుకుంది. పరుపును ఒక చేత్తో నొక్కి చూసింది. చెయ్యి మునిగింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఇస్తారికి అనిపించింది.

ఆసిఫాబాద్‌కు ఫోన్ చేసి, రేపు రావడం లేదని, నాలుగు రోజులు ఆగి వస్తామని చెప్పారు. ఎందుకని అడిగితే డ్యూటీ మారిందన్నారు. గోడ సంగతి చెప్పలేదు.

అంతయ్య ఆ సాయంత్రమే వీడియోను కాలనీ గ్రూపులో పెట్టాడు. కాలనీ గ్రూపులో సంపత్ బావమరిది ఉన్నాడు. రాత్రికి వీడియో సంపత్ చేతికి చేరింది. ఎవరైనా అయితే సిగ్గుపడతారు, లేదా భయపడతారు. సంపత్ వీడియోలో మొదట ఉన్న వేలును, బొక్కను కత్తిరించేశాడు. ఇస్తారి ముఖం మొదలయ్యే దగ్గర నుంచి ఉంచుకున్నాడు. నెత్తి నుంచి చల్లటి నీళ్లు కారుతున్న ముఖం, "బయట నిప్పులు, నా ఇంట్ల వాన" అనే మాట, దుకాణం పేరు, యాదుంచుకోండ్రని మనవి. వెనక ఒక డప్పు చప్పుడు జోడించాడు. కింద తన నంబరు వేసి, తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాడు.

మర్నాడు సెలవు రద్దు చేసుకుని ఇస్తారి డ్యూటీకి వెళ్లేసరికి, టోపీ దీపాలు ఇచ్చే లాంప్ రూమ్ దగ్గర ఉన్నవాళ్లంతా ఒక్కసారి తలలు తిప్పారు.

"వాన కాకా వచ్చిండు!" అని ఎవరో అరిచారు.

"ఎంతిచ్చిండే అడ్వర్టైజ్‌మెంట్‌కు?" అన్నారు ఇంకొకరు. "మస్తు యాక్షన్ చేసినవ్. నిజంగ తడిసినట్టె ఉన్నవ్."

"నిజంగనే తడిసిన్రా!" అన్నాడు ఇస్తారి.

అందరూ పగలబడి నవ్వారు. అతను వేలును, పైపును, పరుపును వివరించే కొద్దీ నవ్వు పెద్దదైంది. లోపలికి దిగాక కూడా అతను ఆగమంటే ఆగకుండా, "ఇక్కడ సుత వాన పడుతుందా కాకా?" అని అడిగారు. ఇన్నేళ్లలో భూమి లోపల అతని మాట చెల్లకపోవడం అదే మొదలు.

షిఫ్టు దిగగానే మేనేజర్ పిలుస్తున్నాడని కబురు వచ్చింది. నౌకరీలో ఉంటూ ప్రైవేటు దుకాణానికి ప్రచారం చేసినందుకు సంజాయిషీ అడుగుతాడని ఇస్తారి అనుకున్నాడు. తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, గా వీడియోకు నాకు ఏం సంబంధం లేదు సార్."

"అది సరేనయ్యా. ఆ సంపత్ ఎలా చేస్తాడు? మా క్వార్టర్‌లో ఏసీ అసలు కూలింగ్ ఇవ్వడం లేదు."

"సార్, మీ మంచి కోరి చెప్తున్న. వాన్ని ఇంటి గడప తొక్కనియ్యకుండ్రి. నా గోడ పాడువెట్టిండు."

మేనేజర్ నవ్వి, వేలు ఊపాడు. "తెలుస్తోందిలే. అందరూ ఎగబడితే నీ పనికి రాడని భయం. నువ్వు నా పేరు చెప్పి అతన్ని ఒకసారి పంపించు చాలు."

ఇస్తారికి ఇంటికి వచ్చి బూట్లు విప్పే వ్యవధి కూడా దొరకలేదు, ఫోన్ మోగింది. వియ్యంకుడు గోపాల్. ఆసిఫాబాద్‌లో ఎరువుల దుకాణం ఉంది. మంచివాడే గానీ ఏది నమ్మినా గట్టిగా నమ్ముతాడు.

"బావా! ఏం చెప్పినవ్ బావా వీడియోల! మా దుకాన్లకు వచ్చినోళ్లందరు అదే చూస్తుండ్రు. మా బావనే అని చెప్తున్న. మేం సుత ఏసీ పెట్టియ్యాలనుకుంటున్నం. గా సంపత్‌కు మన పేరు చెప్పి జర జల్ది పంపియ్యరాదు?"

అప్పుడు ఇస్తారి ఊ కొట్టి ఊరుకుని ఉంటే కథ అక్కడితో పోయేది. కానీ అతను పొద్దున్నుంచి నిజం చెప్పి చెప్పి, నమ్మేవాడి కోసం ముఖం వాచి ఉన్నాడు. పైగా వియ్యంకుడు నష్టపోతాడన్న బెంగ ఒకటి.

"బావా, వద్దు. నా మాట విను. గది అడ్వర్టైజ్‌మెంట్ కాదు. వాడు పైపు పలగ్గొట్టిండు. గోడంత నానింది. పరుపు నానింది. అర్ర అర్రంత చెరువోలె అయింది."

అవతల ఫోన్ స్పీకర్‌లో ఉందని అతనికి అప్పుడు తెలిసింది. వియ్యపురాలు నవనీత గొంతు వినపడింది. ఆ గొంతు ఎప్పుడూ పెరగదు, తగ్గదు.

"అన్నా, మరి పిల్లను ఏ అర్రల పండవెడ్తరు?"

 వనిత చేతిలో పని వదిలి పరుగున వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఆరిపోతది వదినె. ఎండలు గట్టిగున్నయ్ గదా, రెండొద్దులల్ల ఆరిపోతది."

"గోడ నానితె ఊకె ఆరదు వదినె. పచ్చి బాలింతకు తేమ మంచిది కాదు. డ్యూటీ మారిందంటిరి, గిది చెప్పకపోతిరి. ఆరినంక చూద్దాం తియ్యి."

 ఫోన్ పెట్టేశాక వనిత ఒక్కటే అంది.

"గంత నిజం చెప్పుమని నిన్ను ఎవరడిగిండ్రు?"

మర్నాడు ఇస్తారి అంతయ్యను వెంటబెట్టుకుని మంచిర్యాల వెళ్లాడు. సల్లగాలి కూల్ పాయింట్ ముందు జనం గుంపుగా ఉన్నారు. ఇంతకు ముందు అతను వచ్చినప్పుడు ఆ దుకాణంలో సంపత్, ఒక పాత కూలర్ తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇప్పుడు బయట కుర్చీలు వేశారు.

"ఓ సంపత్! బయటికి రా! నా ఇల్లు పాడువెట్టి ఈడ దుకాణం నడుపుతున్నవా?"

గుంపు ఇటు తిరిగింది.  అందులో ఒక పడుచు పిల్ల సంతోషంతో కేక పెట్టింది.

"అరె, వాన కాకా!"

చుట్టూ మూగారు. ఫోన్లు లేచాయి. "గా మాట ఒక్కసారి అను కాకా, బయట నిప్పులు అని." "మా పోరి నీ లెక్కనే చేస్తది కాకా ఇంట్ల." ఇస్తారి అరిచాడు, శాపనార్థాలు పెట్టాడు. సంపత్ మోసగాడని, పనిమంతుడు కాదని, ఎవరూ ఇంటికి రానివ్వొద్దని చేతులెత్తి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇది రెండో వీడియో అనుకున్నారు.

సంపత్ లోపలి నుంచి వచ్చి అతని భుజం మీద శాలువా కప్పాడు.

"కాకా, నువ్వు మా ఇంటి దేవునివి."

"శాలువా తియ్యి. నా గోడ సంగతి చెప్పు."

"చేద్దాం కాకా. లైన్ల ఉన్నరు. నీ ముందు గీళ్లందరున్నరు," అని జనాన్ని చూపించాడు. ఆ లైను తను అరిచిన అరుపుతో వచ్చిందేనని గుర్తొచ్చి ఇస్తారి ఒళ్లు మండింది.

అంతయ్య ముందుకు వచ్చాడు. "కన్జ్యూమర్ కోర్టుకు పోతం. నా దగ్గర మొత్తం వీడియో ఉంది. బొక్క సుత ఉంది."

"ఏది, చూపియ్యే కాకా," అన్నాడు సంపత్ మర్యాదగా. అంతయ్య చూపించాడు. సంపత్ వంగి శ్రద్ధగా చూశాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది. "గిండ్ల నేనేడున్న? నా మిషన్ ఏది? బొక్క ఉంది, బొక్కల ఇస్తారి కాకా ఏలుంది. చూసినోళ్లు ఏమనుకుంటరు?"

అంతయ్య వీడియోను ఇంకోసారి చూశాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, తనకు ఇంట్లో పనుందన్నాడు.

ఇంకో మెకానిక్‌ను పిలుద్దామంటే, బిగించినవాడే చూడాలి, తర్వాత మాటొస్తుందని ఎవరూ రాలేదు. పైపు కోసం వచ్చిన ప్లంబర్ బొక్క చిన్నగా ఉందని దాన్ని కిటికీ అంత చేశాడు. సిమెంటు పని వాడు ఆరాలన్నాడు, రంగులు వేసేవాడు ఇంకా ఆరాలన్నాడు. వనిత రోజూ పొద్దున లేవగానే గోడ మీద చెంప ఆనించి చూసేది.

గోడ పూర్తిగా ఆరకముందే భూమికకు నొప్పులు వచ్చాయి. చెప్పిన తేదీకి ముందే, ఆసిఫాబాద్ ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. వనిత తడిసి ఆరిన పొత్తిగుడ్డలు సంచిలో పెట్టుకుని పరుగున వెళ్లింది. నవనీత అప్పటికే అన్నీ కొత్తవి కొని పెట్టింది. పిల్లకు స్నానం చేయించడానికి ఒక ముసలమ్మను కూడా కుదిర్చింది. వనితకు కూర్చుని టీ తాగడం తప్ప పని లేకపోయింది. ఆస్పత్రిలోనే రెండు రోజులుండి, సంచి తెరవకుండానే తిరిగొచ్చింది.

అయినా ఆమె ఆశ వదులుకోలేదు. ఇరవై ఒకటో నాడు పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల కార్యం అయ్యాక తల్లిని, పిల్లను తెచ్చుకోవచ్చు. ఎండలు ఇంకా తగ్గలేదు. గోడకు లేత ఆకుపచ్చ రంగు వేయించారు. కొత్తగా ఇంకో పరుపు తెచ్చారు. గోడకు ఊరికే వేలాడుతున్న ఏసీ కింద పెద్ద కూలర్ పెట్టారు. ఇస్తారి ప్రయాణానికి కారు మాట్లాడదామంటే, పోయేటప్పుడు బస్సు చాలని, వచ్చేటప్పుడు మాత్రం పిల్ల ఉంటుంది కాబట్టి ఆసిఫాబాద్‌లోనే కారు మాట్లాడదామని వనిత అంది.

కార్యం నాడు గోపాల్ ఇంటి లోపలికి అడుగు పెట్టగానే చల్లగా తగిలింది. బాలింత గదిలోకి వెళ్తే ఇంకా చల్లగా ఉంది. గోడకు తెల్లటి ఏసీ చప్పుడు లేకుండా నడుస్తోంది. ఇస్తారి అలవాటుగా దాని కిందికి చూశాడు. చెంబు లేదు, బకెట్ లేదు. నేల పొడిగా ఉంది. పసిపిల్ల పెదాలు చప్పరిస్తూ హాయిగా నిద్రపోతోంది.

వనిత కూతురి పక్కన కూర్చుని జుట్టు సవరించింది.

"ఇయ్యాల మనింటికి పోదాం బిడ్డా. అర్ర కొత్తగ చేపిచ్చినం. రంగు సుత వేయిచ్చినం."

భూమిక పిల్ల మీది గుడ్డ సర్దుతూ అడిగింది.

"ఏసీ బాగయిందా అవ్వా?"

"కూలర్ పెట్టినం. పెద్దది. మంచిగ గాలొస్తది."

 భూమిక తల్లి ముఖంలోకి చూడకుండా, మెల్లగా అంది.

"కూలర్ గాలి తేమనే గదనే అవ్వా. ఈడ అలవాటైంది దీనికి. జర ఉక్కపోస్తె చాలు, ఏడ్పు షురూ చేస్తది. వానలు వడ్డంక వస్త. ఏమనుకోకు."

"ఏమనుకుంట బిడ్డా," అంది వనిత. "మంచిగనె అన్నవ్."

ఆమె లేచి, పిల్ల కాళ్ల దగ్గర సరిగానే ఉన్న గుడ్డను ఇంకోసారి సరిగా కప్పి, బయటికి వచ్చింది.

భోజనాల బంతిలో ఇస్తారిని తీసుకెళ్లి గోపాల్ ఒక మనిషి పక్కన కూర్చోబెట్టాడు. కొత్త తెల్లచొక్కా, చేతికి పెద్ద గడియారం. సంపత్.

"బావా, నువ్వు వద్దన్నా నేను ఇననే లేదు," అన్నాడు గోపాల్ గర్వంగా. "ఏం పనిమంతుడు బావా! గోడకు బొక్క కొట్టెటందుకు ముందు, పైపు ఎట్లకెల్లి పోయిందని ఒకటికి నాలుగుసార్లు అడిగిండు. గసొంటోడు దొరుకుడు కష్టం. అందుకే ఇయ్యాల పిలిచిన." అని అటు వడ్డనకు వెళ్లిపోయాడు.

ఇస్తారి అన్నం కలపలేదు. చాలా రోజులుగా నోట్లో నానుతున్న ప్రశ్న అడిగాడు. అరవలేదు. అరిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

"మా ఇంటికేం పాపం తగిలింది సంపత్? ఈడ గింత మంచిగ చేసినోనివి, ఆడ ఎందుకు గట్ల చేసినవ్?"

సంపత్ ముఖం మీది నవ్వు మొట్టమొదటిసారి కాస్త తగ్గింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నీ దగ్గర అబద్ధమెందుకు కాకా. నేను బిగిచ్చిన మొదటి ఏసీ మీదే."

"అంతకు ముందు?"

"కూలర్లు చేసెటోన్ని. ఏసీ ఫోన్ల చూసి నేర్చుకున్న. మీ ఇంట్ల ఏమేం తప్పువోయినయో, గవన్ని యాదుంచుకున్న కాకా. ఇగ యాడ సుత ఒక్క తప్పు చేస్తలే. నాకు పని నేర్పింది మీ గోడనే." అని భక్తిగా తన విస్తరిలోని లడ్డూ తీసి ఇస్తారి విస్తరిలో పెట్టాడు.

ఇస్తారి లడ్డూను చూశాడు, సంపత్‌ను చూశాడు. ఇంతగా నేర్చుకున్నవాడు, ఇంత కృతజ్ఞత ఉన్నవాడు, ఇప్పుడైనా ఒక్కసారి వస్తే ఎండలు పోకముందే పిల్లను తెచ్చుకోవచ్చు. అభిమానం చంపుకుని అడిగాడు.

"అయితె రేపు రా. మాది సుత బాగుచెయ్యి."

"ఇప్పుడు నేను పెద్ద పనులకే పోతున్న కాకా," అన్నాడు సంపత్. నవ్వు మళ్లీ నిండుగా వచ్చేసింది. "గని మీకు ఫికర్ లేదు. కొత్తగ ఇద్దరిని పెట్టుకున్న. వాళ్లకు ఇంకా ఏసీ పని రాదు. మీ ఇంటికే పంపిస్త, నేర్చుకుంటరు."

తిరుగు ప్రయాణానికి కారు అవసరం లేకపోయింది. బస్సులో వనిత ఈసారీ తెరవని పొత్తిగుడ్డల సంచిని ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఆసిఫాబాద్ దాటగానే కిటికీలోంచి వడగాలి ముఖం మీద కొట్టింది. అద్దం మూయమంది వనిత. ఇస్తారి మూయలేదు. వేడి గాలే గానీ, అందులో చుక్క తేమ లేదు.